తండ్రి వృత్తి అనే గడి

పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ మా వీధి టీకొట్టు దగ్గర ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "మన జెడ్పీ హైస్కూలుకు ఎంత శాతం వచ్చిందట?" శాతం చెప్పగానే పెదవి విరుపు. టీకొట్టు ఎదురుగానే ఏదో ఒక కార్పొరేట్ బడి ఫ్లెక్సీ ఉంటుంది. వరసగా పిల్లల ఫొటోలు, వాటి కింద ఆరువందలకు ఎన్ని మార్కులో పెద్ద అక్షరాల్లో. పెదవి విరిచినవాళ్లలో సగం మంది ఆ జెడ్పీ హైస్కూల్లో చదివినవాళ్లే. నేనూ అక్కడే చదివాను. నా కూతురు ఇప్పుడు అక్కడే తొమ్మిదో తరగతి.

ఆ శాతాన్ని బట్టి ఆ బడికి విలువ కట్టడం తప్పు. ఈ మాట అభిమానంతో అంటున్నది కాదు. పేరెంట్స్ కమిటీలో ఉన్నందువల్ల గత రెండేళ్లుగా ఆ బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లు నా చేతుల్లో తిరుగుతున్నాయి. అరవై ఏళ్లు దాటినవాళ్లు కూడా పుట్టిన తేదీ రుజువు కోసమో, మనవడికి కావలసిన ఇంకేదో కాగితం కోసమో బడికి వస్తారు. అయ్యవార్లు బీరువా తీసి, పేజీలు విరిగిపోతున్న రిజిస్టరును పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని వెతుకుతారు. వాటిని మళ్లీ బైండింగ్ చేయించే పని కమిటీ తరఫున నేను తీసుకున్నాను. బైండింగ్‌కు ఇచ్చే ముందు పేజీల నంబర్లు సరిచూడాలి కదా అని కూర్చున్నవాడిని, వరసగా మూడు ఆదివారాలు లేవలేకపోయాను.

మాది తిరుపతి శివారు. నా చిన్నప్పుడు శివారు కూడా కాదు, విడి ఊరు. బడి వరండాలో నిలబడితే ఒకవైపు శేషాచలం కొండలు, మరోవైపు చెరకు తోటలు, వేరుశనగ చేలు. తిరుపతి 1886లోనే మునిసిపాలిటీ అయింది, 2007లో కార్పొరేషన్ అయింది. ఈ రెండు సంవత్సరాల మధ్య పట్నం నడిచి నడిచి మా చెరువు గట్టు దాకా వచ్చింది. చెరకు తోట ప్లాట్లయింది, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. బడి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈ బడి ఎవరి బడి అన్నదానికీ ఒక కథ ఉంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందు మా ప్రాంతం ఉత్తర ఆర్కాటులో ఉండేది. మద్రాసు ప్రభుత్వం రోజుల్లో పల్లెల బడులు జిల్లా బోర్డుల కింద నడిచేవి. పెద్ద చదువు కావాలంటే తిరుపతికి నడిచి, దేవస్థానం వారి హైస్కూల్లో చేరాలి. మా తాత తరంలో అలా నడిచి వెళ్లినవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాయి. హైస్కూళ్లు వాటి చేతికి వెళ్లాయి. మా ఊరి ఎలిమెంటరీ బడి మెట్టు మెట్టుగా ఎదిగి హైస్కూలైంది ఆ తర్వాతే. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు పట్నం వెళ్లకుండా పదకొండో తరగతి, అంటే ఆనాటి ఎస్సెల్సీ, చదివే వీలు అప్పుడే మొదటిసారి దొరికింది. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చి, బడి చదువు పదేళ్లకు కుదిరాక మా బడి కూడా పదో తరగతితో ఆగింది. 2022 ఏప్రిల్లో తిరుపతి వేరే జిల్లా అయినప్పుడు జిల్లా పరిషత్తును విభజించలేదు. కలెక్టరు తిరుపతిలో, పరిషత్తు చిత్తూరులో. మా బడి బోర్డు రాయించేటప్పుడు ఏ జిల్లా అని రాయాలో తేల్చుకోవడానికి కమిటీలో పావుగంట పట్టింది.

ఇదంతా జీవోల్లో దొరికే చరిత్ర. రిజిస్టరులో దొరికే చరిత్ర వేరు.

అడ్మిషన్ రిజిస్టరులో నిలువు వరసలు ఉంటాయి. నంబరు, పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తండ్రి వృత్తి, అంతకు ముందు చదివిన బడి, చేరిన తరగతి, వెళ్లిన తేదీ, వెళ్లడానికి కారణం. నన్ను పట్టి కూర్చోబెట్టినవి రెండే: తండ్రి వృత్తి, వెళ్లడానికి కారణం.

అరవైల నాటి పేజీల్లో వృత్తి గడి నిండా ఒకే మాట. సేద్యం, సేద్యం, సేద్యం. రాసే గుమాస్తాకు విసుగొచ్చి మొదటి గడిలో మాత్రమే రాసి, కింద అన్నింటికీ 'డిటో' గుర్తులు పెట్టిన పేజీలు కూడా ఉన్నాయి. డెబ్భైల్లో కూలి, మేస్త్రీ, బస్సు కండక్టరు, దేవస్థానం నౌకరి కనిపించడం మొదలవుతాయి. తొంభైల్లో ఆటో డ్రైవరు, లాడ్జిలో పని, కొండ మీద కొబ్బరికాయల అంగడి. 2010 దాటాక సెక్యూరిటీ గార్డు, టైల్స్ పని, డెలివరీ. సేద్యం అన్న మాట కోసం నేను గత పదేళ్ల పేజీల్లో వేలు పెట్టి వెతికాను. ఇరవై పేజీలు తిప్పితే ఒకటి. ఊరు ఎలా పోయిందో, పట్నం ఎలా వచ్చిందో చెప్పడానికి ఇంతకు మించిన దస్తావేజు ఏ ఆఫీసులోనూ ఉండదు.

నా పేరున్న పేజీ కూడా చూసుకున్నాను. 1986 జూన్, ఆరో తరగతి. తండ్రి వృత్తి: మేస్త్రీ.

ఇక వెళ్లడానికి కారణం అన్న గడి. మగపిల్లల పేర్లకు ఎదురుగా 'పై చదువు', 'చదువు మానివేత'. ఆడపిల్లల పేర్లే తక్కువ. ఉన్నవాటికి ఎదురుగా, ఎనిమిదో తరగతి తొమ్మిదో తరగతి దగ్గర, ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: 'వివాహం'. ఆ మాట రాసిన చెయ్యి ఎవరిదో గాని, చాలా అందమైన దస్తూరీ. గుండ్రని అక్షరాలు. నాతో పాటు ఏడో తరగతి కామన్ పరీక్షలో మా బడికి మొదటి మార్కు తెచ్చుకున్న అమ్మాయి పేరు ఎదురుగా కూడా అదే మాట ఉంది. ఆ పిల్ల ఎందుకు రావడం లేదో ఆనాడు మాకెవరికీ తెలియలేదు. నాకు ముప్ఫై ఏళ్లు దాటాక రిజిస్టరు చెప్పింది.

ఇప్పటి పేజీల్లో ఆ మాట కనబడటం లేదు. పదో తరగతి దాకా ఆగకుండా వచ్చే ఆడపిల్లలు తరగతికి సగానికి పైనే. కొందరు దీన్ని కూడా లోపంగానే చెబుతారు. కొడుకును పసుపు బస్సు ఎక్కించి, కూతురిని జెడ్పీ బడికి పంపే ఇళ్లు మా వీధిలోనే నాలుగున్నాయి. ఆ లెక్కలో తప్పు ఇంటిది. ఇల్లు వద్దనుకున్న చోట ఆ పిల్లను పదో తరగతి దాటించినది మాత్రం ఈ బడి. ఒక హైస్కూలు చదువుల చరిత్ర రాయాలంటే నేను మొదట రాసేది ఈ గడి గురించే. శాతాలు ఆ తర్వాత.

మా రోజుల చదువు గొప్పదనీ ఇప్పటిది కాదనీ నేను అనను. మాకు ల్యాబు లేదు. ఉన్న ఒక్క మైక్రోస్కోపు అద్దాల బీరువాలో ఉండేది, మేం దాన్ని అద్దంలోంచే చూసేవాళ్లం. మధ్యాహ్నం భోజనం లేదు. ఆ రోజుల్లో కొంతమంది పిల్లలు మధ్యాహ్నం గంట కొట్టాక బోరింగు దగ్గర కడుపు నిండా నీళ్లు తాగి వచ్చి కూర్చునేవాళ్లు. బడిలో వండి పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించాక మన రాష్ట్రంలో 2003లో ఎలిమెంటరీ తరగతులకు భోజనం మొదలైంది, 2008లో హైస్కూలు తరగతులకూ వచ్చింది. మా బడి హాజరు పట్టీలో మధ్యాహ్నం గైర్హాజరు తగ్గింది అప్పటి నుంచే.

అయితే మాకు ఒకటి ఉండేది. మా లెక్కల అయ్యవారు మమ్మల్ని ఆరో తరగతిలో పట్టుకుంటే పదో తరగతి పరీక్ష రోజున వదిలారు. అయిదేళ్లు ఒకే మనిషి. ఎవరికి భిన్నాలు రావు, ఎవరు ఎక్కాల్లో ఏడో ఎక్కం దగ్గర తడబడతారు, ఎవరు పక్కవాడి పలక చూస్తారు, అన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఒకరోజు పైథాగరస్ సిద్ధాంతం చెప్పాలి. బోర్డు మీద త్రిభుజం గీశారు, మాకు ఎక్కలేదు. సుద్దముక్క కింద పెట్టి, "మేస్త్రీ కొడుకా, ఇలా రా" అని నన్ను పిలిచారు. "మీ నాయన ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మూల సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూస్తాడు?" అని అడిగారు.

నాకు తెలుసు. సెలవుల్లో నాయనకు తాడు పట్టింది నేనే. మూల దగ్గర మేకు కొట్టి, ఒక పక్క మూడు అడుగులకు గుర్తు, ఇంకో పక్క నాలుగు అడుగులకు గుర్తు పెడతారు. ఆ రెండు గుర్తుల మధ్య తాడు పట్టి చూస్తే సరిగ్గా అయిదు అడుగులు రావాలి. రాకపోతే మూల వంకర. అందరినీ బయటికి తీసుకువెళ్లి, వేపచెట్టు కింద మట్టిలో నా చేత తాడు పట్టించి చూపించారు. తర్వాత లోపలికి వచ్చి బోర్డు మీద మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, కలిపితే ఇరవై అయిదు అని రాశారు. తరగతిలో మేస్త్రీల పిల్లలం ఆరుగురం ఉన్నాం. నాయన చేసే పనికి పుస్తకంలో పేరుందని మాకు ఆ రోజు తెలిసింది. నేను లెక్కల్లో నిలబడింది ఆ రోజు నుంచి.

ఆ పాఠం పుస్తకంలో లేదు, ట్రైనింగులో నేర్పినదీ కాదు. తరగతిలో ఎవరి నాయన ఏ పని చేస్తాడో తెలిసిన అయ్యవారికే అది తడుతుంది. ఆ తెలియడానికి ఏళ్లు పడుతుంది. రిజిస్టరులో తండ్రి వృత్తి అన్న గడి ఎందుకు పెట్టారో గాని, నా దృష్టిలో దానికి ఇదే ఉపయోగం.

ఇప్పుడు దీని పక్కన ఇటీవలి ఒక బ్యాచ్‌ను పెట్టి చూడండి. 2020-21లో ఆరో తరగతిలో చేరిన పిల్లలు. కరోనా వల్ల వాళ్లు హైస్కూలు గడప తొక్కేసరికి 2021 సంక్రాంతి దాటింది. ఏప్రిల్లో మళ్లీ మూత. ఆరో తరగతి మూడు నెలల్లో అయిపోయింది. ఏడో తరగతికి బడి తెరిచింది ఆగస్టు 16న. ఈలోగా మాధ్యమం మారింది. 2019 నవంబరులో ఇంగ్లీషు మాధ్యమం మీద 81వ జీవో వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది, ఆ తర్వాత మరో దారిలో అదే విధానం ముందుకు సాగింది. పెద్దల వాదాలు కోర్టుల్లో నడుస్తుండగా, అయిదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల చేతికి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకం వచ్చింది. ఎనిమిదో తరగతిలో, 2022 డిసెంబరులో, ట్యాబులు వచ్చాయి. అదే ఏడు రాష్ట్రంలో వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్‌ఈ కిందికి తెచ్చారు. ఆ బడుల్లో మొదటి బ్యాచ్ కూడా వీళ్లే. వాళ్లు పదో తరగతికి వచ్చి సగం పుస్తకం చదివాక, 2024 సెప్టెంబరులో, సీబీఎస్‌ఈ వద్దు, రాష్ట్ర బోర్డు పరీక్షే రాయండి అన్నారు. రాష్ట్రంలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలతో జరిగిన మొదటి పదో తరగతి పరీక్ష అది, ఎక్కువమందికి ఇంగ్లీషు మాధ్యమంలో. 2025 మార్చిలో రాశారు. రాష్ట్ర ఉత్తీర్ణత 81.14 శాతం.

ఇన్ని మార్పులు తట్టుకుని వందకు ఎనభై మంది గట్టెక్కారంటే ఆ పిల్లలకూ వాళ్ల అయ్యవార్లకూ నేను చేతులెత్తి మొక్కుతాను.

శాతాల సంగతే చూద్దాం. 2019లో పదో తరగతి రాష్ట్ర ఉత్తీర్ణత 94.88 శాతం. కరోనా రెండేళ్లూ పరీక్ష లేదు, అందరూ పాస్. 2022లో 67.26. 2023లో 72.26. 2024లో 86.69. తర్వాతి ఏడు 81.14. పిల్లల బుద్ధి మూడేళ్లలో ఇరవై ఏడు శాతం పడిపోయి, మరో రెండేళ్లలో ఇరవై శాతం పెరుగుతుందా? పడిపోయిన మూడేళ్లలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. బడి ఇచ్చే ఇరవై అంతర్గత మార్కులు తీసేశారు, ఒక్క మాటలో జవాబు రాసే బిట్ పేపర్ ఎత్తేశారు, పదకొండు పేపర్లను ఏడు చేశారు, దానికి తోడు రెండేళ్ల బడి మూత. పరీక్ష మారితే శాతం మారింది. అలాంటి అంకె పట్టుకుని ఒక బడిని మెచ్చుకోవడమూ తిట్టడమూ రెండూ న్యాయం కాదు. బిట్ పేపర్ తీసేయడం మంచిదే అని నా అభిప్రాయం. పరీక్ష హాలు కిటికీల బయట జరిగే వ్యాపారం సగం దాని మీదే నడిచేది. అయితే ఆ సంస్కరణకు తగ్గ తయారీకి పిల్లలకు ఏడాది కూడా సరిగా దొరకలేదు.

పోలిక విషయానికి వస్తాను. ఫ్లెక్సీ వేసిన బడి తన పిల్లలను ఎంచుకుంటుంది. ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష పెడుతుంది, తొమ్మిదో తరగతిలో వెనకబడినవాడి తల్లిదండ్రులను పిలిచి టీసీ తీసుకోమని మెల్లగా చెబుతుంది. ఆ టీసీలు ఎక్కడికి వస్తాయో నాకు తెలుసు, మా రిజిస్టరులో 'అంతకు ముందు చదివిన బడి' గడిలో వాటి పేర్లున్నాయి. ఫీజు కట్టలేక మధ్యలో వచ్చినవాళ్లు, మార్కులు రాక వచ్చినవాళ్లు, నాయన పని పోయి వచ్చినవాళ్లు. కరోనా ఏడు ఆ గడి ప్రైవేటు బడుల పేర్లతో నిండిపోయింది. దేశమంతటా అదే జరిగింది. పల్లె పిల్లల చదువు మీద జరిపే అసర్ సర్వే 2021లో చెప్పిన ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల వాటా 2018లో 64.3 శాతం ఉంటే 70.3 శాతానికి పెరిగింది. కష్టం వచ్చిన రోజున ఊరికి దిక్కైన తలుపు ఇదే. జూన్‌లో వచ్చినా, నవంబరులో వచ్చినా, తెలుగు సరిగా చదవలేని బిడ్డతో వచ్చినా, తమిళనాడు నుంచి పనికి వచ్చిన కుటుంబం వచ్చినా ఈ తలుపు తెరిచే ఉంటుంది. అలా వచ్చిన ప్రతి బిడ్డా మార్చిలో మా శాతంలో ఒక అంకె.

మా శివారు బడికి ఉన్న ఇంకో కష్టం బయటివాళ్లకు తెలియదు. బ్రహ్మోత్సవాలు బడి రోజుల్లో పడితే ఆ తొమ్మిది రోజులూ తరగతిలో సగం బల్లలు ఖాళీ. అంగళ్లవాళ్ల పిల్లలు అంగళ్లలో ఉంటారు, పూలు కట్టేవాళ్ల పిల్లలు మాలలు కడతారు, జీపు డ్రైవరు కొడుకు కిరాయిలు పిలుస్తాడు. ఆ తొమ్మిది రోజుల సంపాదనతో రెండు నెలల అద్దె గడుస్తుంది. అందుకని ఆ తల్లిదండ్రులను నేను తప్పు పట్టలేను. అయ్యవార్లు ఇప్పుడు ఆ వారం కొత్త పాఠం మొదలుపెట్టరు, వచ్చినవాళ్లకు పాతవి చెబుతారు. ఏ ఉత్తర్వూ చెప్పలేదు, వాళ్లే కనిపెట్టుకున్నారు.

ఈ బడి పిల్లలు ఎక్కడికీ చేరడం లేదన్న మాట కూడా నిజం కాదు. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. పూలు కట్టే ఇంట్లో ఆ డబ్బు ఒక ఆడపిల్ల పెళ్లిని నాలుగేళ్లు వెనక్కి జరిపింది, ఇది నేను దగ్గరుండి చూసినది. 2008లో ట్రిపుల్ ఐటీలు వచ్చాయి, మాకు దగ్గరది ఇడుపులపాయ. పదో తరగతి మార్కుల మీద సీటు, ప్రభుత్వ బడి పిల్లలకు నాలుగు శాతం అదనం. ఆ నాలుగు శాతాన్ని దయగా ఇచ్చినట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఇంట్లో చదువుకోవడానికి బల్ల లేని పిల్ల, తెల్లవారుజామున పూలు కట్టి బడికి వచ్చే పిల్ల, ట్యూషన్ లేకుండా తెచ్చుకున్న మార్కు అది. దానికి నాలుగు కలిపితే అసలు విలువకు కాస్త దగ్గరవుతుంది, అంతే.

ఇంగ్లీషు మాధ్యమం గురించి మా కమిటీలో రెండు పక్షాలున్నాయి. నేను ఎటూ పూర్తిగా లేను. ఇంగ్లీషు కావాలని అడిగింది తల్లులు. లాడ్జిలో గదులు తుడిచే తల్లికి, అదే లాడ్జిలో కౌంటరు దగ్గర కూర్చున్నవాడికీ తనకూ తేడా ఎక్కడుందో బాగా తెలుసు. ఆమె కోరికను తెలుగు మీద ప్రేమ లేదని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. అయితే కోరిక న్యాయమైనంత మాత్రాన దాన్ని తీర్చే పద్ధతి సరైనది కాదు. ఒకటో తరగతి నుంచి ఏడాదికి ఒక తరగతి చొప్పున పైకి వస్తే సరిపోయేది. ఆరో తరగతిలో చేరిన బిడ్డ దగ్గర 'కిరణజన్య సంయోగక్రియ' లాక్కుని 'ఫొటోసింథసిస్' ఇచ్చారు, పాఠం చెప్పే అయ్యవారు కూడా రెండు పేజీల మధ్య తడుముకోవలసి వచ్చింది. రెండు భాషల పుస్తకం మాత్రం మంచి ఆలోచన. నా కూతురు ఇప్పటికీ తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని ఇంగ్లీషు పేజీ నేర్చుకుంటుంది. ఎవరు వచ్చినా ఆ పుస్తకాన్ని మాత్రం తీసేయకూడదు.

నా అసలు వాదన ఇది. ఏ ప్రభుత్వం తెచ్చిన మార్పునైనా విడిగా చూస్తే సమర్థించడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం వచ్చాక మా బడికి మరుగుదొడ్లు వచ్చాయి, పెద్ద ఆడపిల్లలు నెలలో ఆ నాలుగు రోజులూ బడి మానడం తగ్గింది. అది చిన్న విషయం కాదు. 2022లో 117వ జీవోతో మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలను హైస్కూళ్లలో కలిపారు, సబ్జెక్టు టీచర్లు చెబుతారన్నారు. 2025లో దాన్ని రద్దు చేశారు, చిన్నపిల్లలకు దూరం తగ్గుతుందన్నారు. రెంటికీ కారణాలున్నాయి. అయితే బిడ్డకు ఈ కారణాలతో పని లేదు. బిడ్డకు తెలిసినది, తను చేరినప్పుడు ఉన్న పుస్తకం, పరీక్ష, అయ్యవారు తను వెళ్లేటప్పటికి లేరన్నదే. మార్పు తేవద్దని నేను అనడం లేదు. కొత్తది ఏదైనా ఆ ఏడు ఆరో తరగతిలో చేరేవాళ్లతో మొదలుపెట్టండి, ముందు చేరినవాళ్లను మొదలుపెట్టిన దారిలోనే పదో తరగతి దాటనివ్వండి. ఆరో తరగతి బిడ్డకు అయిదేళ్ల మాట ఇచ్చి దాని మీద నిలబడండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

అయ్యవార్ల బదిలీలకూ ఇదే. ఇప్పటి నిబంధనల ప్రకారం టీచరు ఒక చోట ఎనిమిదేళ్లకు మించి ఉండకూడదు, హెడ్మాస్టరు అయిదేళ్లు. ఇందులో న్యాయముంది. పట్నం పక్క బడి అందరికీ కావాలి. ఇంటి అద్దె భత్యం ఎక్కువ, పిల్లలను తిరుపతిలో చదివించుకోవచ్చు. ఎనిమిదేళ్ల గడువు లేకపోతే కుప్పం వైపు మారుమూల బడులకు లెక్కల టీచరు ఎన్నటికీ వెళ్లరు. మా లెక్కల అయ్యవారు మాకు దొరికారంటే, ఏదో ఒక పల్లెకు దొరకలేదని అర్థం, ఇది నేను ఒప్పుకుంటాను. నేను అడిగేది ఒక్కటే. ఎనిమిదేళ్లు నిండిన టీచరు చేతిలో తొమ్మిదో తరగతి దాకా నడిపించిన బ్యాచ్ ఉంటే, ఆ ఒక్క ఏడూ ఆగనివ్వండి.

గత బదిలీల్లో మా బడి భౌతికశాస్త్రం టీచరమ్మకు ఎనిమిదేళ్లు నిండాయి. ఆగడానికి వీల్లేదన్నారు. రిలీవ్ అయ్యే రోజు సాయంత్రం నేను రిజిస్టర్ల పని మీద ఆఫీసు గదిలోనే ఉన్నాను. ఆమె ఒక రెండువందల పేజీల నోటుపుస్తకం తెచ్చి హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టింది. "కొత్తగా వచ్చేవాళ్లకు ఇవ్వండి సార్" అంది. నేను అడిగి తీసుకుని చూశాను. పదో తరగతికి వెళ్లబోయే పిల్లల పేర్లు, పేరుకు ఒక పేజీ. ఒక పేజీలో: 'దర్పణాల పటాలు బాగా వేస్తాడు, సూత్రంలో గుర్తులు తారుమారు. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, బోర్డు సరిగా కనబడదు, అద్దాలు ఇప్పించాలి.' ఇంకో పేజీలో: 'అన్నీ వచ్చు. నోరు తెరవదు. వాళ్లమ్మ తెల్లవారుజామున పూలకు వెళుతుంది, మొదటి పీరియడ్‌లో నిద్ర వస్తే ఎవరినీ ఏమీ అననివ్వకండి.' ప్రతి పేజీ మీదా, పేరు కింద, నాయన చేసే పని.

జూన్ రెండో వారంలో కొత్త అయ్యవారు వచ్చారు. మారుమూల మండలం నుంచి, ఎనిమిదేళ్ల తర్వాత. హెడ్మాస్టరు గారు ఆ పుస్తకం ఇచ్చినప్పుడు తలుపు దగ్గర నేనూ ఉన్నాను. ఆయన నిలబడే మొదటి రెండు పేజీలు చదివి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చివరి గంట కొట్టి పిల్లలు వెళ్లిపోయినా లేవలేదు. మరునాడు పొద్దున తరగతిలోకి వెళ్లి హాజరు పట్టీ తెరవకుండానే, వెనక బెంచీలో ఉన్న పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచి, ముందుకు వచ్చి కూర్చోమన్నారు.